లెక్కలో మనముండాలి, మన గుట్టు లెక్క దాటరాదు

(జనాభా లెక్కలు, పౌరుల గోప్యత అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)

 

మన దేశంలో చివరిసారి జనాభా లెక్కలు జరిగింది 2011లో. ఆనాడు ఊయలలో ఉన్న పిల్లలు ఈనాడు హైస్కూలు దాటే వయసుకు వస్తున్నారు. 2021లో జరగవలసిన గణన కోవిడ్ కారణంగా వాయిదా పడింది. 2025 జూన్ 16న కేంద్ర ప్రభుత్వం వెలువరించిన ప్రకటన ప్రకారం, మంచు ప్రాంతాలను మినహాయిస్తే, తదుపరి లెక్కలు 2027 మార్చి 1వ తేదీని ప్రాతిపదికగా చేసుకొని జరుగుతాయి. కాగితపు ఫారాలకు బదులు ఈసారి మొబైల్ ఫోన్లలో వివరాలు నమోదవుతాయి. స్వతంత్ర భారతదేశపు జనగణనలో తొలిసారిగా అన్ని కులాల వివరాలూ సేకరించబడతాయి.

ఈ సందర్భంలో మన సమాజంలో రెండు వాదనలు వినబడుతున్నాయి. ఒక వర్గం, ముఖ్యంగా యువకులు, ఇలా అంటున్నారు: "మన వివరాలు మనమే చేతికిస్తే రేపు అవే మన మీదికి వస్తాయి. కాబట్టి తలుపు తీయకుండా ఉండటమే మేలు." మరొక వర్గం, ఎక్కువగా పెద్దవారు, ఇలా అంటున్నారు: "ప్రభుత్వం అడిగింది, చెప్పేస్తే పోతుంది. దాచడానికి మన దగ్గర ఏముంది?" ఈ రెండు వాదనలలోనూ కొంత సత్యం ఉంది. అయితే ఈ రెండింటిలో దేనిని పట్టుకున్నా మనం నష్టపోతామన్నది మా అభిప్రాయం. అందుకు గల కారణాలను చట్టం ఆధారంగా, చరిత్ర ఆధారంగా మీ ముందుంచుతాము.

చట్టం ఏమంటోంది?

మొట్టమొదట మనం తెలుసుకోవలసింది 1948 నాటి జనాభా లెక్కల చట్టం. ఇది చిన్న చట్టమే. కానీ దీనిని చదివినవారు మనలో బహు తక్కువ. ఈ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, గణన అధికారి అడిగిన ప్రశ్నలకు ప్రతి వ్యక్తీ తనకు తెలిసినంత మేరకు, తాను నమ్మినంత మేరకు జవాబు చెప్పి తీరాలి. అంటే జవాబు చెప్పడం మన దయాదాక్షిణ్యం కాదు, చట్టపరమైన విధి. 11వ సెక్షన్ ప్రకారం, జవాబు నిరాకరించినవారికి, తెలిసి అబద్ధం చెప్పినవారికి వెయ్యి రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

జరిమానా ఒక్కటి చూసి ఆగిపోతే చట్టంలో సగమే చదివినట్లు. అదే 11వ సెక్షన్‌లో గణన అధికారికి ఇంకా పెద్ద శిక్ష ఉంది. అవమానకరమైన ప్రశ్న, అనుచితమైన ప్రశ్న ఉద్దేశపూర్వకంగా అడిగినా, తెలిసి తప్పుడు వివరం నమోదు చేసినా, అనుమతి లేకుండా మన వివరాలు బయటపెట్టినా జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. మౌనంగా ఉన్న పౌరునికి జరిమానా, నోరు జారిన అధికారికి జైలు. ఈ చట్టం రాసినవారికి గోప్యత విలువ తెలియదని ఎవరూ అనలేరు.

8వ సెక్షన్‌లోనే మన ఇళ్లకు దగ్గరగా ఉండే మరొక నిబంధన ఉంది. తన ఇంటి స్త్రీల పేర్లు చెప్పాలని ఎవరినీ నిర్బంధించరాదు. తన భర్త పేరును గానీ, ఆచారం ప్రకారం తాను ఉచ్చరించరాని మరొకరి పేరును గానీ చెప్పాలని ఏ స్త్రీనీ నిర్బంధించరాదు. ఇంటి గడప లోపల పౌరునికి ఒక హద్దు ఉన్నదనీ, ఆ హద్దును రాజ్యం గౌరవించాలనీ 1948లోనే చట్టం ఒప్పుకుంది. గోప్యత అన్నది నిన్న మొన్న విదేశాల నుంచి దిగుమతి అయిన భావమని వాదించేవారికి ఈ ఒక్క నిబంధన చాలు.

ఇక 15వ సెక్షన్. ఇది ఈ చట్టానికి గుండెకాయ వంటిది. గణనలో రాసుకున్న పుస్తకాన్ని గానీ, రిజిస్టరును గానీ, రికార్డును గానీ తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. ఈ చట్టం కింద నేరాల విచారణలో తప్ప, ఏ సివిల్ వ్యాజ్యంలోనూ, మరే క్రిమినల్ కేసులోనూ ఆ నమోదులు సాక్ష్యంగా చెల్లవు. ఆస్తి తగాదాలో పొరుగువాడు గానీ, కేసు పెట్టిన పోలీసు గానీ, ఈ లెక్కల్లో మీరు చెప్పిన మాటను కోర్టులో మీ మీదికి తీసుకురాలేరు. మీ వివరాలు కోట్లాది వివరాలలో కలిసి ఒక సంఖ్యగా మారాలి, అంతే.

అయితే భయం ఎక్కడి నుంచి వచ్చింది?

చట్టం ఇంత గట్టిగా ఉన్నప్పుడు మన బస్తీలలో ఇంత భయం ఎందుకు? ఇది అజ్ఞానం వల్ల పుట్టిన భయమని కొందరు తేలికగా కొట్టిపారేస్తారు. ఆ మాటను మేము అంగీకరించము. ఈ భయానికి చట్టంలోనే మూలం ఉంది. అయితే ఆ మూలం జనాభా లెక్కల చట్టంలో లేదు, 1955 నాటి పౌరసత్వ చట్టం కింద 2003లో చేసిన నియమాలలో ఉంది. జాతీయ జనాభా రిజిస్టరు, అంటే ఎన్‌పీఆర్, ఆ నియమాల సంతానం.

రెండూ పైకి ఒకేలా కనబడతాయి. ఇంటికి వచ్చి పేర్లు, వయసులు, పుట్టిన చోటు అడుగుతారు. కానీ లోపలి స్వభావం పూర్తిగా వేరు. జనగణనలో పేరు ఒక మెట్టు మాత్రమే, చివరికి మిగిలేది సంఖ్య. ఎన్‌పీఆర్‌లో పేరే గమ్యం. అది పేరుపేరునా నిలిచి ఉండే రిజిస్టరు. 2003 నియమాలలోని 4వ నియమం ప్రకారం ఆ రిజిస్టరులోని పేర్లను స్థానిక అధికారి పరిశీలించి, ఎవరి పౌరసత్వమైనా సందేహాస్పదమని తోస్తే ఆ పేరు పక్కన ఆ మాట రాయవచ్చు. ఆ తరువాత మేము పౌరులమని నిరూపించుకోవలసిన భారం ఆ కుటుంబం మీదే పడుతుంది. 15వ సెక్షన్ ఇచ్చే రక్షణ ఈ రిజిస్టరుకు వర్తించదు.

2010లో ఈ రెండు పనులనూ ఒకే వ్యక్తికి అప్పగించారు. ఇళ్ల జాబితా రాయడానికి వచ్చిన టీచరు సంచిలోనే ఎన్‌పీఆర్ ఫారం కూడా ఉంది. ఏ ఫారం ఏ చట్టం కిందిదో, ఏ జవాబుకు రక్షణ ఉందో, దేనికి లేదో గడపలో నిలబడ్డ గృహిణికి ఎలా తెలుస్తుంది? 2019 డిసెంబరు 24న కేంద్ర మంత్రివర్గం జనగణనకూ, ఎన్‌పీఆర్ నవీకరణకూ ఒకే రోజున నిధులు మంజూరు చేసింది. తల్లిదండ్రులు ఎక్కడ, ఎప్పుడు పుట్టారన్న ప్రశ్నలు కొత్త ఫారంలో ఉండబోతున్నాయన్న వార్త దేశమంతటా ఆందోళన రేపింది. అప్పటికి కొద్ది నెలల ముందే, 2019 ఆగస్టు 31న, అస్సాంలో ప్రకటించిన పౌర జాబితాలో 19 లక్షల మందికి పైగా ప్రజల పేర్లు లేకుండా పోయాయి. అస్సాం ప్రక్రియకు వేరే నిబంధనలు ఉన్న మాట నిజమే. కానీ పేరు గల్లంతైతే ఏమవుతుందో దేశం అక్కడ కళ్లారా చూసింది.

మన తెలుగు రాష్ట్రాలు ఈ ఆందోళనను పట్టించుకోకపోలేదు. 2020 మార్చి 16న తెలంగాణ శాసనసభ పౌరసత్వ సవరణ చట్టానికి, ఎన్‌పీఆర్‌కు, ఎన్ఆర్‌సీకి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా ఎన్‌పీఆర్ ప్రశ్నావళి 2010 నాటి రూపంలోనే ఉండాలని కోరుతూ తీర్మానించింది. అయితే 2003 నియమాలు రద్దు కాలేదు. అవి చట్టపుస్తకంలో నేటికీ ఉన్నాయి. అవి ఉన్నంతకాలం తలుపు తట్టిన ప్రతి అధికారినీ మన వాళ్లు అనుమానంగానే చూస్తారు. ఆ అనుమానాన్ని తొలగించవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.

ఇతర దేశాల అనుభవం

లెక్కల కోసం ఇచ్చిన వివరాలు మనుషుల మీదికి తిరిగి రావడం ఊహాజనిత ప్రమాదం కాదు. చరిత్రలో జరిగిన విషయం.

రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు నెదర్లాండ్స్ దేశపు నివాసితుల రిజిస్టర్లలో ప్రతి వ్యక్తి మతమూ నమోదై ఉండేది. చెడు ఉద్దేశంతో చేసిన పని కాదది. కానీ నాజీ సైన్యం దేశాన్ని ఆక్రమించిన తరువాత ఆ రిజిస్టర్లే యూదులను వెదకి పట్టుకునే పరికరాలయ్యాయి. సుమారు లక్షా నలభై వేల మంది యూదులలో లక్ష మందికి పైగా హతమయ్యారు. 1943 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ప్రతిఘటన ఉద్యమకారులు ప్రాణాలకు తెగించి ఆ రిజిస్టరు కార్యాలయానికి నిప్పు పెట్టారు. పేర్ల రిజిస్టరు ఎవరు తయారుచేశారన్నది ఒక్కటే ప్రశ్న కాదు, అది రేపు ఎవరి చేతిలో పడుతుందన్నది కూడా ప్రశ్నే.

అమెరికాను చూద్దాం. 1942లో యుద్ధకాలపు చట్టంతో అక్కడి జనగణన గోప్యతను సడలించారు. జపాన్ మూలాలు గల సుమారు లక్షా ఇరవై వేల మందిని ఇళ్ల నుంచి ఖాళీ చేయించి నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. ఏ వీధిలో ఎందరు ఉన్నారో తెలుసుకోవడానికి 1940 నాటి జనగణన లెక్కలు ఉపయోగపడ్డాయి. ఈ పాత్రకు 2000 సంవత్సరంలో ఆ శాఖాధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

ఆ క్షమాపణ చెప్పి ఎంతో కాలం గడవకముందే మరొక ఉదంతం జరిగింది. అరబ్బు మూలాలు గల ప్రజలు ఏ నగరంలో, ఏ పోస్టల్ కోడ్ ప్రాంతంలో ఎందరున్నారో తెలిపే పట్టికలను 2002, 2003 సంవత్సరాలలో అదే శాఖ అంతర్గత భద్రతా అధికారులకు తయారుచేసి ఇచ్చింది. 2004లో ఆ సంగతి బయటపడింది. అందులో ఒక్కరి పేరు కూడా లేదు. చట్టాన్ని ఉల్లంఘించలేదని అధికారులు అన్నారు. కానీ వాడలు వాడలుగా గుర్తింపబడిన ప్రజలకు అది ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనవసరం లేదు. పేరు దాస్తే సరిపోదు, చిన్న ప్రాంతాల స్థాయిలో మతం, జాతి పట్టికలను ఎవరి కోసం తయారు చేస్తున్నారో కూడా తెలియాలి.

లెక్కకు అందనివారి గతి

ఇంతవరకు విన్నవారికి, అయితే తలుపు మూసుకోవడమే మేలని తోచవచ్చు. అందుకే ఇప్పుడు రెండవ పార్శ్వం చెప్పాలి. కెనడా దేశం ఈ విషయంలో ఒక పెద్ద ప్రయోగమే చేసింది.

2010లో అక్కడి ప్రభుత్వం పౌరుల గోప్యత పేరుతోనే ఒక నిర్ణయం తీసుకుంది. విద్య, ఆదాయం, జాతి మూలాలు, గృహవసతి వంటి విషయాలు అడిగే దీర్ఘ ప్రశ్నావళికి జవాబు ఇక తప్పనిసరి కాదనీ, ఇష్టమైనవారు చెప్పవచ్చుననీ ప్రకటించింది. స్వచ్ఛంద సర్వే తప్పనిసరి గణనకు సాటి రాదని చెప్పి, జాతీయ గణాంక సంస్థ అధిపతి మునీర్ షేఖ్ పదవికి రాజీనామా చేశారు. 2011లో జరిగిన ఆ స్వచ్ఛంద సర్వేకు స్పందించినవారు సుమారు 69 శాతమే. అంతకుముందు తప్పనిసరి గణనలో అది 90 శాతం పైమాటే. ఫలితంగా అనేక చిన్న పట్టణాల వివరాలు నమ్మదగినవిగా లేక ప్రచురించలేకపోయారు. 2015లో వచ్చిన కొత్త ప్రభుత్వం తప్పనిసరి విధానాన్ని మళ్లీ తెచ్చింది. తరువాత 2017లో జవాబు చెప్పనివారికి జైలు అన్న నిబంధనను మాత్రం చట్టం నుంచి తొలగించింది. విధి ఉండాలి, బెదిరింపు ఉండరాదు అన్నది అక్కడ చివరికి తేలిన మాట.

ఇష్టమైతే చెప్పండి అన్నప్పుడు మొదట జారిపోయేది ఎవరు? దినకూలీ, అద్దె ఇంటివాడు, వలస వచ్చినవాడు, భాష రానివాడు, భయపడేవాడు. అంటే ఎవరి వివరాలు ఎక్కువగా అవసరమో వారే. తప్పనిసరి అన్న మాట బలవంతుని కంటే బలహీనునికే ఎక్కువ ఉపకరిస్తుంది.

ఇది మన ఇంటి అనుభవం కూడా. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం మాత్రమేననీ, అది దేశ సగటు కంటే తక్కువనీ ఆ కమిటీ చెప్పగలిగింది. దానికి ఆధారం 2001 జనాభా లెక్కలే. ముస్లింలను బుజ్జగిస్తున్నారన్న ప్రచారానికి ఆ అంకెలే జవాబు చెప్పాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజర్వేషన్ల చరిత్ర ఇంకా సూటిగా ఇదే పాఠం చెబుతుంది. ముస్లింలకు ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్‌ను హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం కల్పిస్తూ చట్టం చేశారు. 2010 ఫిబ్రవరి 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో దానినీ కొట్టివేసింది. వెనుకబాటును నిర్ధారించిన పద్ధతి, అందుకు సేకరించిన వివరాలు శాస్త్రీయంగా లేవన్నది ప్రధాన ఆక్షేపణ. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల ఆధారంగానే ఆ రిజర్వేషన్ కొనసాగుతూ వచ్చింది. మన పిల్లల ఇంజనీరింగ్ సీట్లు, మెడికల్ సీట్లు, ఉద్యోగాలు మధ్యంతర ఉత్తర్వు అనే సన్నని దారానికి వేలాడుతున్నాయి. ఆ దారాన్ని గట్టి తాడుగా మార్చగలిగేది నమ్మదగిన వివరాలు మాత్రమే.

2024 నవంబరులో మొదలైన తెలంగాణ సమగ్ర కుటుంబ సర్వే కూడా మన ముందుంది. కోటీ 12 లక్షలకు పైగా కుటుంబాల వివరాలు సేకరించి, రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతమనీ, అదే రాష్ట్ర జనాభాలో బీసీ ముస్లింలు 10.08 శాతమనీ ప్రభుత్వం ప్రకటించింది. ఆ సర్వేలో ఆస్తులు, అప్పుల వంటి విషయాలు కూడా అడగడంతో కొందరు జవాబు చెప్పడానికి వెనుకాడారు. ఆ వెనుకాట సహజమైనదే. ఎందుకంటే ఆ సర్వే జనాభా లెక్కల చట్టం కింద జరగలేదు. 15వ సెక్షన్ కవచం దానికి లేదు. అయినా ఆ అంకెలు లేకపోతే ముస్లింలలో వెనుకబడినవారు ఎందరన్న ప్రశ్నకు ఈనాడు మన చేతిలో జవాబు ఉండేది కాదు.

రేషన్ కార్డు సంగతి చూడండి. 2013 ఆహార భద్రతా చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎందరికి బియ్యం అందాలన్నది జనాభా లెక్కల మీద ఆధారపడి ఉంటుంది. 2021 గణన జరగనందున 2011 అంకెలే ఇంకా ప్రాతిపదిక. ఈ మధ్యకాలంలో పుట్టినవారు, కొత్తగా కాపురం పెట్టినవారు, పట్టణాలకు వలస వచ్చినవారు ఆ అంకెలలో లేరు. లెక్క ఆలస్యమైతేనే ఇంత నష్టం. మనంతట మనమే లెక్కకు దూరమైతే నష్టం ఇంకెంతగా ఉంటుంది?

తప్పనిసరి అన్నది ఇరువైపులా ఉండాలి

ఇక్కడ విజ్ఞులు ఒక ప్రశ్న వేయవచ్చు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించింది కదా? అటువంటప్పుడు జవాబు చెప్పకపోవడం కూడా మన హక్కే కాదా?

ఆ తీర్పు గోప్యతను హద్దులు లేని హక్కుగా చెప్పలేదు. రాజ్యం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగినంత మేరకే జోక్యం ఉండాలి అని చెప్పింది. జనగణనకు చట్టం ఉంది, ప్రయోజనం ఉంది. మిగిలిన ప్రశ్న మూడవది. అడిగిన వివరం ఆ ప్రయోజనానికే వినియోగపడుతుందా, దాటి పోతుందా అన్నదే అసలు వివాదం.

ఈ వివాదాన్ని పశ్చిమ జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1983లోనే పరిష్కరించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో జరగవలసిన జనగణనపై ప్రజలు పెద్ద ఎత్తున నిరసన తెలిపారు. కోర్టు మొదట దానిని నిలిపివేసింది. డిసెంబరు 15న తుది తీర్పు ఇస్తూ, తన వివరాలు ఎవరికి ఎంతవరకు తెలియాలో నిర్ణయించుకునే అధికారం వ్యక్తికే ఉంటుందని ప్రకటించింది. అయినా జవాబు తప్పనిసరి అన్న సూత్రాన్ని కొట్టివేయలేదు. గణాంకాల కోసం సేకరించిన వివరాలతో స్థానిక నివాసితుల రిజిస్టరును సరిదిద్దుకోవచ్చునన్న నిబంధనను కొట్టివేసింది. గణన వేరు, రిజిస్టరు వేరు. రెండింటినీ కలిపితే పౌరుని నమ్మకం నిలవదు అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ మేరకు చట్టాన్ని సవరించిన తరువాత, 1987లో అక్కడ జనగణన జరిగింది.

మేము కోరేదీ అదే. పౌరుడు నోరు విప్పడం ఎంత తప్పనిసరో, ప్రభుత్వం నోరు మూసుకోవడం అంతే తప్పనిసరి కావాలి. ఒకవైపు మాత్రమే విధి ఉంటే అది ఒప్పందం కాదు, నిర్బంధం.

ఈ సూత్రం ఆధారంగా ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి నాలుగున్నాయి.

మొదటిది, జనగణన బాధ్యత గల అధికారి చేతిలో ఎన్‌పీఆర్ పని పెట్టరాదు. ఇది మాటల హామీగా మిగలక రాతపూర్వకమైన ఉత్తర్వుగా రావాలి.

రెండవది, జనాభా లెక్కల చట్టం 11వ సెక్షన్‌లో ఒక చిన్న రంధ్రం ఉంది. వివరాలు బయటపెట్టిన అధికారికి శిక్ష పడేది ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా బయటపెట్టినప్పుడే. అంటే అనుమతి ఉంటే అది నేరం కాదు. కాపలాదారుని చేతికే మారుతాళం ఇచ్చినట్లుంది. ఆ మాటలు తొలగించాలని మన ప్రతినిధులు పార్లమెంటులో సవరణ కోరాలి.

మూడవది, వివరాలు మొబైల్ ఫోన్ల ద్వారా సేకరిస్తున్నారు కాబట్టి, పేర్లను మిగిలిన వివరాల నుంచి ఎప్పుడు వేరు చేస్తారో, ఎవరు చూడగలరో, ఎంతకాలం ఉంచుతారో బహిరంగంగా ప్రకటించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 17వ సెక్షన్, ప్రభుత్వ సంస్థలను ఆ చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. కాబట్టి ఆ చట్టాన్ని చూపి మనకు ధైర్యం చెప్పడం చాలదు.

నాల్గవది, ఏ పోలీసు విభాగం కోసమైనా, ఏ భద్రతా సంస్థ కోసమైనా చిన్న ప్రాంతాల స్థాయిలో మతవారీ పట్టికలు ప్రత్యేకంగా తయారు చేయరాదు. ప్రజలందరికీ ప్రచురించే పట్టికలే అందరికీ చాలాలి.

మన ఇళ్లలో చేయవలసినది

ప్రభుత్వాన్ని అడగడంతో మన పని అయిపోదు. ప్రతి కుటుంబం చేయవలసినవి కూడా ఉన్నాయి.

వచ్చినవారి గుర్తింపు కార్డు చూడండి. ఇది జనాభా లెక్కల చట్టం కింద జరుగుతున్న పనేనా అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్న అడగడం అవిధేయత కాదు. జనగణనలో చట్టం మన నుంచి కోరేది మనకు తెలిసిన నిజాన్నే, పత్రాలను కాదు. ఎవరైనా బ్యాంకు వివరాలు గానీ, ఫోనుకు వచ్చిన ఓటీపీ గానీ, వేలిముద్ర గానీ అడిగితే అది జనగణన కాదని తెలుసుకోండి. వెంటనే మొహల్లా పెద్దలకు, స్థానిక అధికారులకు చెప్పండి.

చెప్పే జవాబు నిజమై ఉండాలి. మాతృభాష గడిలో ఇంట్లో మాట్లాడే భాష ఏదైతే అదే చెప్పండి. ఉర్దూ మాట్లాడే కుటుంబం ఉర్దూ అని చెప్పకపోతే రేపు ఉర్దూ మాధ్యమ పాఠశాల కోసం ఏ ముఖంతో అడుగుతాము? తెలుగే మాతృభాష అయిన ముస్లిం కుటుంబాలు నిస్సంకోచంగా తెలుగు అని చెప్పాలి. దానివల్ల మన దీనుకు ఏ లోపమూ రాదు. కులం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. దూదేకుల వారు బీసీ-బిలోనూ, మెహతర్ వారు బీసీ-ఎలోనూ, బీసీ-ఇ జాబితాలోని వర్గాలు ఆ పేర్లతోనూ గుర్తింపు పొందాయి. ఇస్లాంలో అందరూ సమానులే అన్న విశ్వాసంతో కొందరు ఆ గడిని ఖాళీగా వదిలేయాలనుకుంటారు. ఆ విశ్వాసం ఉన్నతమైనది. కానీ ప్రభుత్వ జాబితా అడిగేది మన అఖీదాను గురించి కాదు, సమాజం మనను ఎక్కడ నిలబెట్టిందో దాన్ని గురించి. ఖాళీ గడి వల్ల ఎవరి సమానత్వమూ పెరగదు, పేద విద్యార్థి సీటు మాత్రం పోతుంది.

నమోదు చేసిన తరువాత వివరాలు ఒకసారి చదివి వినిపించమని అడగండి. మగవారు పనికి వెళ్లిన వేళ ఇంట్లో ఉండేది ఆడవారే కాబట్టి ఈ విషయాలన్నీ ముందుగా వారికి తెలియాలి. మస్జిదు కమిటీలు, మహిళా సంఘాలు, చదువుకున్న యువకులు ఇంటింటికీ వెళ్లి ఈ మాటలు చెప్పాలి. వదంతులను వాట్సాప్‌లో పంచడం మాని, చట్టంలోని ఆ మూడు సెక్షన్లను తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి పంచితే మేలు జరుగుతుంది.

సోదర సోదరీమణులారా! మన భాషలో అమానతు అన్న మాట ఉంది. ఒకరు నమ్మి అప్పగించినదాన్ని అడిగిన పనికి తప్ప మరొక పనికి వాడరాదు, అప్పగించినవారికి హాని చేయడానికి అసలే వాడరాదు. జనగణనలో మనం చెప్పే ప్రతి జవాబూ ప్రభుత్వం చేతిలో అమానతే. దానిని అప్పగించడం మన విధి, కాపాడటం వారి విధి. మన విధిని మనం నెరవేర్చి నిలబడినప్పుడే వారి విధిని నెరవేర్చమని నిలదీసే హక్కు మనకు ఉంటుంది. తలుపు మూసుకున్నవాడు అడగలేడు, కళ్లు మూసుకుని చెప్పినవాడూ అడగలేడు. తెలుసుకుని చెప్పినవాడే అడగగలడు.